నలభై అడుగులు

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. నలభై అనగానే అతను ఆగి, మడమతో తడి గడ్డిని నొక్కి గుర్తు పెట్టాడు. గోలు స్తంభం నుంచి ఇటు నలభై అడుగులు, ఆ రెండో స్తంభం నుంచి అటు నలభై అడుగులు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఫుట్‌బాల్ మైదానానికి వెడల్పు ఇలాగే తేలుతోంది. స్తంభాలు సిమెంటులో పాతినవి కాబట్టి పొడవుతో పేచీ లేదు. పెనాల్టీ బాక్సులకు ముడులు వేసిన తాడుంది. వెడల్పు కొలిచే టేపు మాత్రం ఎప్పుడో తెగిపోయింది. క్లబ్బు వాళ్ళు కొత్తది కొనలేదు, ఇతనూ అడగలేదు. "నా కాలుండగా టేపెందుకు?" అన్నాడు. అప్పట్లో ఆ మాట విని అందరూ భుజం తట్టారు.

వారం రోజుల వానకు పాత గీతలు దాదాపు కొట్టుకుపోయాయి. మధ్యాహ్నం మూడింటికి ఈ ఏటి ఆఖరి మ్యాచ్. గీతలు వేసే సున్నం బండిని తొయ్యడం మొదలుపెట్టాడు. అరవై రెండేళ్ళ మనిషి, పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉంటాడు. కనుబొమ్మల్లో సున్నప్పొడి, వేళ్ళ సందుల్లో పగుళ్ళు. కుడి తుంటి నొప్పి పెట్టినప్పుడు పైపెదవి కొరుక్కుంటాడు. నొప్పి ఉన్నా కుదురుగా కూర్చోడు. గీత వేసి, వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ ముందుకొచ్చి, కంచె తలుపు సరిగ్గా మూసుందో లేదో చూసి వస్తాడు. మ్యాచ్ ఉన్న రోజు ఇంట్లోనూ అంతే. ఇవాళ తెల్లవారకముందే కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే భార్య దుప్పటి ముసుగులోంచే అంది, "మీరు ఆ గీతల్నే కట్టుకోవాల్సింది. మధ్యలో నన్నెందుకు కట్టుకున్నట్టు?"

అతని సంగతి సరే, ఆ ఊరూ అంతే. స్టేడియం చూస్తే జాలేస్తుంది. పైకప్పు రేకుల్లో చిల్లులు. బెంచీల చెక్కలు లేచి ప్యాంట్లు చింపుతాయి. గెలిచిన రోజు జనం గెంతితే మెట్ల కింద సిమెంటు రాలుతుంది. అయినా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను కూడా ముందు ఇక్కడికే తీసుకొచ్చి చూపిస్తారు. తూర్పు గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది: ఇక్కడికొచ్చినవాడు గెలిచి వెళ్ళడు. అది ఊరికే రాసుకున్న గొప్ప కాదు. పదకొండేళ్ళుగా సొంత మైదానంలో వాళ్ళ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. బయట ఊళ్ళలో చిత్తుగా ఓడి వచ్చిన వారాలు లేకపోలేదు, ఇక్కడ మాత్రం వెనక వరస ఆటగాళ్ళు గోడలా నిలబడిపోతారు. ఎదుటి జట్టు పక్కల నుంచి దూరుదామంటే చోటుండదు. మూడో మెట్టు మీద కూర్చునే మంగలి, గడ్డం గీస్తూ కూడా ఆ మ్యాచ్‌లన్నీ వరసగా అప్పజెబుతాడు.

తొమ్మిదింటికి క్లబ్బు సెక్రటరీ హడావిడిగా వచ్చాడు. చేతిలో ఒక కాగితం, ప్లాస్టిక్ సంచిలో కొత్త టేపు.

"మావయ్యా, లీగ్ వాళ్ళకు మైదానం కొలతలు కావాలట. అన్ని ఊళ్ళనూ అడిగార్లే. పొడవు నేను రాశాను, వెడల్పు మీరు చూసి రాసెయ్యండి. అరవై ఎనిమిది మీటర్లే కదా?"

"అరవై ఎనిమిదే."

"మరింకేం, ఒకసారి టేపు పెట్టి రాసెయ్యండి," అని ఫోను చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను టేపు కొసను ఇనప మేకుతో నేలకు దిగ్గొట్టి, అవతలి గీత దాకా పరుచుకుంటూ వెళ్ళాడు. అరవై మూడు మీటర్ల చిల్లర. టేపు మెలిక పడిందనుకుని సరిచేశాడు. మళ్ళీ అంతే. మూడోసారి ఇవతలి కొస నుంచి కొలిచాడు. నాలుగోసారి కొలవడానికి చేతులు రాలేదు.

స్తంభం దగ్గరికి వెళ్ళి నాలుగడుగులు నడిచి, ఒక్కో అడుగునూ టేపుతో కొలుచుకున్నాడు. కుర్రతనంలో అతని అడుగు పొడవెంతో అతనికి బాగా తెలుసు. ఇప్పుడు అందులో మూడు వేళ్ళ వెడల్పు తగ్గింది. తుంటి నొప్పి మొదలై పదకొండేళ్ళు దాటింది. ఏడాదికి ఒక్కో పక్క జానెడు చొప్పున, వాన వెలిసి కొత్త గీత వేసినప్పుడల్లా, మైదానం అతనితోపాటే ముడుచుకుపోతూ వచ్చింది. గోడలా నిలబడ్డది ఆటగాళ్ళు కాదు, పక్కల చోటు లేకపోవడం. సిగ్గేసింది. ఊరి మొహం ఎలా చూడాలో తెలియలేదు.

కాగితం మీద అరవై ఎనిమిది అని రాసి ఊరుకోవచ్చు. సెక్రటరీ చూడడు, లీగ్ వాళ్ళు ఇంత దూరం రారు. గోడ మీద అక్షరాలు అలాగే ఉంటాయి. అతను కాగితం తీసి చూసి, జేబులో పెట్టి, మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒకసారి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. ఓడితే తన వల్ల ఓడతారు, ఇన్నేళ్ళూ ఓడనిదీ తన వల్లే. ఎటు తిరిగినా తనే అడ్డం. చివరికి చీపురు, నీళ్ళ బకెట్టు తెచ్చుకుని, పొద్దున వేసిన గీతలు కడగడం మొదలుపెట్టాడు.

ఒంటిగంట దాటేసరికి కొత్త గీతలు కంచెకు దగ్గరగా వచ్చి ఆగాయి. మూల జెండాలు పీకి కొత్త చోట పాతాడు. తుంటి లోపల ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది, ఎడమ భుజం కూడా లాగుతోంది. టేపు మళ్ళీ పరిచి చూసుకుని, కాగితం మీద అరవై ఎనిమిది అని రాశాడు.

జనం వచ్చారు. మంగలి మూడో మెట్టు మీద తన చోట్లో కూలబడి, ముందుకు వంగి చూశాడు.

"ఇదేంటి మావయ్యా, గీత మా కాళ్ళ కిందికొచ్చింది?"

అతను మూల జెండా సరిచెయ్యడానికి అటు వెళ్ళిపోయాడు. మొదటి సగమంతా కంచె వెంట తిరుగుతూనే ఉన్నాడు. ముప్పయ్యో నిమిషంలో ఎదుటి జట్టు కుర్రాడొకడు, పొద్దుటిదాకా మైదానం కాని ఆ పట్టీ మీదుగా పరుగెత్తి బంతిని లోపలికి కొట్టాడు. అక్కడున్నవాడు తలతో గోల్లోకి నెట్టాడు.

విరామంలో అతను మెట్లెక్కి వచ్చి మంగలి పక్కన కూర్చున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అడుగు సంగతి, జానెడు సంగతి, టేపు సంగతి. మంగలి అతని తుంటికేసి చూశాడు.

"అంటే పదకొండేళ్ళూ మనల్ని కాపాడింది నీ తుంటి నొప్పా?"

"అంతే మరి."

"ఒక్కరోజు ఆగి చెప్పలేకపోయావా? ఈ ఒక్క మ్యాచ్ అయిపోయేదిగా!"

"నిద్రపట్టదురా నాకు."

మంగలి మొహం తిప్పుకున్నాడు. అతనికి మాత్రం, పొద్దుటి నుంచి గుండెల మీదున్న బండ దిగినట్టయింది. లేచి వెళ్ళబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

రెండో సగంలో వాళ్ళ కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడారు. బంతి రెండుసార్లు స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది. గోలు మాత్రం పడలేదు. ఈల ఊదేసరికి ఒక గోలు తేడాతో ఓడిపోయారు. పై మెట్ల నుంచి ఒకడు గొంతు చించుకున్నాడు.

"గీత మార్చిందెవడ్రా? వాణ్ణి పట్టుకురండి!"

మంగలి లేచి వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేనే మార్చమన్నాను. ఏం చేస్తావు? సరైన మైదానంలో ఒక్క గోలుకే ఓడారు మనవాళ్ళు! చేతనైతే చప్పట్లు కొట్టు, లేదా నోరు మూసుకో!"

ముందు మంగలి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. తర్వాత ఆ వరస, ఆపైన మిగతా మెట్లు. ఓడిన కుర్రాళ్ళు తలలెత్తి చూశారు. రేకులు అదిరేలా చప్పట్లు మోగుతుంటే మంగలి పక్కకు వంగాడు.

"విన్నావా మావయ్యా?"

అతను వెనక మెట్టుకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుదురుగా కూర్చుని ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మనిషి అంత కదలకుండా కూర్చోవడం మంగలి చూడలేదు. చెయ్యి పట్టుకుంటే అప్పటికే చల్లబడుతోంది.

నలుగురూ కలిసి ఆయన్ని మోసుకుంటూ మెట్లు దిగారు. ఆ కంగారులో బెంచీ కిందికి ఎవరూ చూడలేదు. రాత్రి మళ్ళీ వాన పడింది. మర్నాడు పొద్దున్నే మంగలి ఒక్కడే వచ్చి ఆ మెట్టు దగ్గర నిలబడ్డాడు. ఆ మనిషి ఎప్పుడు విప్పుకున్నాడో, అతని పాత కాన్వాసు బూట్లు బెంచీ కింద మైదానం వైపు తిరిగి పక్కపక్కనే ఉన్నాయి. రేకు చిల్లులోంచి కారిన వానకు కుడి బూటు సున్నం కడుక్కుపోయి నల్లగా ఉంది, ఎడమది ఇంకా సున్నంతో తెల్లగానే ఉంది.