మేక చెప్పే మాట

హుస్సేన్ పీరా గొంతు తేనె. ఆ సంగతి అరబ్బు దేశంలో మనవాళ్ళు పనిచేసే షువైఖ్ గ్యారేజీలన్నిటికీ తెలుసు, అందరికన్నా ముందు పీరాకే తెలుసు. అయినా నవ్వులు మాత్రం పక్కన పాడే అన్వర్ బాషాకే పడేవి.

అహ్మది ఆయిల్ కంపెనీ ఇంజినీరు ఒకాయన ఊరికి పోతూ వదిలేసిన క్యాసెట్టుతో మొదలైంది ఇదంతా. పాతకాలం అమెరికా నల్లవాళ్ళ పాటలు. నలుగురు మనుషులు, నాలుగు నోళ్ళు. ఒకడు పైగొంతులో కథ చెబుతాడు, ఇద్దరు వెనక 'హూ హూ' అంటారు, కథ కొసకొచ్చి ఆగగానే నాలుగోవాడు లారీ ఇంజను లాంటి గొంతుతో ఒక్క మాట వదులుతాడు. ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా ఎక్కడ నవ్వాలో మనవాళ్ళకు అర్థమైంది.

ఆ పద్ధతిలోనే పీరా ఒక పాట కట్టాడు. తనకు పనిచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ ఇంటి విందుకు మేకను తోలుకుపోతున్న రాయచోటి మనిషి దారిలో కునుకు తీస్తాడు. మేక వాడి ఇఖామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, నమిలేస్తుంది. పోలీసు వచ్చి కాగితం ఏదంటాడు. ఇదంతా పన్నెండు చరణాలు, చెమటలు కక్కుతూ పీరాయే పాడాలి. పాడి ఆగాలి. అప్పుడు అన్వర్ బాషా మేక తరఫున అంటాడు: "ఉప్పు తక్కువైందబ్బా!"

అంతే, జనం పొట్ట పట్టుకుని దొర్లేవాళ్ళు. బాషా భుజం తట్టి టీ పోయించేవాళ్ళు. పన్నెండు చరణాలు పాడినోడికి దాహం వేస్తుందని ఒక్కడికీ తట్టేది కాదు. పీరాకు కడుపు భగభగ మండేది.

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. గ్యారేజీలు మూతపడ్డాయి, మనవాళ్ళంతా ఒక బడిలో తలదాచుకున్నారు. ఊరికి విమానం దొరికే అమ్మాన్ పోయే మొదటి బస్సులో ఒకే ఒక్క సీటు మిగిలింది. వంతు పీరాది.

"నువ్వు పో బాషా," అన్నాడు పీరా.

"నీ వంతు గదన్నా!"

"నీ పెండ్లానికి నెలలు నిండె గదరా. ఎక్కు, యల్లా!"

బాషా వెక్కివెక్కి ఏడ్చి ఎక్కాడు. అరబ్బుల ఇంట్లో పనిచేసే గోదావరి మనిషి ఆనందమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "దేవుడిలాంటోరండీ మీరు." పీరా తల వంచుకున్నాడు. అందరూ వినయమనుకున్నారు. మేక మాట ఇక తనదేనని అయ్యగారు లోపల గంతులేస్తున్నారు.

ఆ సాయంత్రమే వరండాలో పాట ఎత్తుకున్నాడు. రెండు వారాలుగా నవ్వెరగని మొహాలు చుట్టూ చేరాయి. పన్నెండు చరణాలూ అయ్యాయి, పోలీసూ వచ్చాడు. అలవాటు చొప్పున ఆగి, లావు గొంతు కోసం ఊపిరి పీల్చాడో లేదో...

"ఉప్పు తక్కువైందబ్బా!"

వరండా మొత్తం ఒక్కసారిగా అంది. నవ్వుకు రేకులు దడదడలాడాయి.

"అచ్చం బాషాగారిలాగే అన్నానాండీ?" అంది ఆనందమ్మ రొప్పుతూ. "పాపం, ఆయనుండుంటేనా!"

పీరా తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఎడారిలో ఎక్కడో బస్సులో ఊగుతూ కూడా నవ్వంతా వాడే ఎత్తుకుపోయాడు. పీరా విసవిసా పోయి, వరండా కొసన బస్సు జాబితా రాసే షావలి ముందు నిలబడ్డాడు.

"రేపటి బస్సుకు నా పేరు రాయి."

"పొద్దున్నే దానం జేస్తివి గదప్పా! అంత తొందరేంది?"

"వాడు ముందుగా ఊరు జేరితే, ఆ పన్నెండు చరణాలు గూడా నేనే కట్నానంటాడు!"

షావలి నవ్వు ఆపుకుని కలం తీశాడు. "సరే, ఇఖామా ఏదీ?"

పీరా వెనక వరండా మొత్తం మేక మాట కోసం ఊపిరి పీల్చింది.