ఆళ్లగడ్డలో ఓడిపోవలసిన మ్యాచ్

జిల్లా ఫుట్‌బాల్ లీగు మొదలయ్యే ముందు ఏటా ఆళ్లగడ్డతో ఆడే స్నేహపూర్వక మ్యాచ్‌లో నంద్యాల జట్టు ఓడిపోవాలని నంద్యాల అభిమానులే కోరుకుంటారు. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు, సీజనుకు ముందు ఒక చిన్న ఓటమి ఉండాలన్నది వారి సిద్ధాంతం. కొన్నేళ్ల కిందట ఆ మ్యాచ్ గెలిచాం, లీగులో అట్టడుగున నిలిచాం. మరుసటి ఏడు ఓడాం, కప్పు వచ్చింది. రెండు ఉదాహరణలతో ఏ సిద్ధాంతమూ నిలబడదనీ, అట్టడుగున నిలిచిన ఏడు మన సెంటర్ ఫార్వర్డుకు కాలు విరిగిందనీ నేను చెబుతూనే ఉన్నాను. కాలు ఎందుకు విరిగిందో చెప్పమని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. స్నేహపూర్వక మ్యాచ్ అనేది ఆటగాళ్లను పరీక్షించే ప్రయోగమే తప్ప, దాని ఫలితానికి విలువ లేదని నా నిశ్చితాభిప్రాయం. ఆ విలువలేని ఫలితాన్ని చూడటానికి ఏటా ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతాను.

ఈసారి బస్సులో నా పక్కన నూర్ బాషా కూర్చున్నాడు. పరుపుల అంగడి యజమాని, దిష్టిచుక్క సిద్ధాంతానికి మూలపురుషుడు. ఎప్పుడూ నోరు మూయని మనిషి, శిరివెళ్ల దాటినా పెదవి విప్పలేదు. కారణం నాకు తెలుసు. అతని కొడుకు ఇలియాస్ రెండేళ్లుగా జట్టులో రెండో గోల్‌కీపరుగా బల్ల మీదే కూర్చుంటున్నాడు. ఈ పొద్దు ఆటంతా అతన్నే ఆడిస్తాననీ, బాగా ఆడితే లీగులో అతనే కీపరనీ, లేకుంటే మళ్లీ బల్లేననీ కోచ్ అభినవ్ చెప్పేశాడు.

చివరికి నూర్ బాషా నోరు విప్పాడు. "మనం ఓడిపోవల్ల సార్. కానీ మావోడు చెడ్డపేరు తెచ్చుకోగూడదు."

గోలు పడకుండా ఓడిపోవడం ఎవరి వల్లా కాదని చెప్పాను.

"పెనాల్టీ పడితే సాలు. పెనాల్టీకి కీపర్ని ఎవురూ తిట్టరు."

ఆ తర్కంలో దోషం లేదు. దోషమంతా అది బయలుదేరిన చోట ఉంది.

మైదానంలో ఆళ్లగడ్డ కెప్టెన్ ఫణీంద్ర అప్పటికే పరుగులు తీస్తున్నాడు. విగ్రహాలు చెక్కే శిల్పి. పని మధ్యలో లేచి వచ్చాడేమో, జుట్టంతా రాతిపొడి. గట్టు మీది ఆళ్లగడ్డవాళ్లలో ఒకతను నూర్ బాషాను చూసి పలకరించాడు.

"ఏంది బాషన్నా, మీవోడు దుంకితే దెబ్బ తగలకుండా పరుపు తెచ్చినావా?"

"తెచ్చినా. ఆట అయినాక మీరు పండుకునేదానికి."

మొదటి సగంలో ఇలియాస్ మంచి షాట్లే ఆపాడు. ఆపిన ప్రతిసారీ తండ్రి ముఖం వికసించేది, ఆ వెంటనే ఏదో గుర్తొచ్చి వాడిపోయేది. మా వెనక కూర్చున్న కిరాణా వ్యాపారి కేశవులు, వీడు ఇట్లా ఆపుతా పోతే మనం ఓడేదెప్పుడని విసుక్కున్నాడు.

రెండో సగంలో మా డిఫెండరు చేతికి బంతి తగిలింది. పెనాల్టీ. నంద్యాల అభిమానులు చప్పట్లు కొట్టారు. రిఫరీ మా వంక అనుమానంగా చూశాడు. నూర్ బాషా రెండు చేతులూ పైకెత్తి అల్లాకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

ఫణీంద్ర బంతిని గుర్తు మీద పెట్టి వెనక్కి నడిచాడు. గోలు స్తంభాల మధ్య ఇలియాస్ ఒంటరిగా మిగిలాడు. ఎత్తిన చేతులు దించకుండానే నూర్ బాషా లేచి నిలబడ్డాడు.

"ఇడిసిపెట్టొద్దురా, ఇల్యాసూ!"

నేనూ నిలబడే ఉన్నానని ఆ తరువాత గమనించాను. ఇలియాస్ ఎడమకు దూకాడు. బంతి అతని అరచేతులకు తగిలి ముందుకు పడింది. లేచి, ఆ ఆనందంలో దాన్ని శక్తికొద్దీ తన్నాడు. పెనాల్టీని దగ్గరగా చూద్దామని ఆళ్లగడ్డ కీపరు సగం మైదానం దాకా వచ్చి ఉన్నాడు. బంతి గాలి వాటున అతని తల దాటి, నేల మీద ఎగిరి, దొర్లుకుంటూ ఖాళీ గోల్లోకి పోయింది.

ఆళ్లగడ్డవాళ్లు నిశ్శబ్దమైపోయారు. నంద్యాలవాళ్లు అంతకంటే నిశ్శబ్దమైపోయారు. ఆ ఒక్క గోలుతోనే ఆట ముగిసింది. అభినవ్ వచ్చి ఇలియాస్ భుజం మీద చెయ్యి వేసి, లీగంతా నువ్వేనని అందరూ వినేట్టు చెప్పాడు.

కేశవులు తిన్నగా నూర్ బాషా దగ్గరికి వచ్చాడు. "బాషా, మీవోడు సీజను ముంచినాడు. లీగులో ఓడితే మీవోని మీదికే వస్తాది, సూస్కో."

నూర్ బాషా నిబ్బరంగా నిలబడ్డాడు. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఆడేది కాళ్లూ చేతులూ. సదువుకున్నోనివి, నీకీ పిచ్చి నమ్మకాలేందప్పా?"

ఏళ్ల తరబడి నేను సాధించలేనిది ఆ కుర్రవాడి ఒక్క తన్నుతో జరిగిపోయినందుకు కొంత అసూయ కలిగింది. అయినా అభినందించడం ధర్మమనుకుని, తిరుగు బస్సులో నూర్ బాషా పక్కనే కూర్చున్నాను. నేను మాట మొదలుపెట్టేలోపే అతను గొంతు తగ్గించాడు.

"సార్, లీగుకు ఇంకా దినాలుండాయి గదా. గడివేములోళ్లతో ఇంగో ఫ్రెండ్లీ పెట్టిస్తే?"

ఎందుకని అడిగాను.

"మావోడు అలిసిపోయినాడు. ఆ పొద్దుకి ఇంగో కీపర్ని ఆడిస్తే సరి."

ఇవి సిద్ధాంతాన్ని వదులుకున్నవాడి మాటలు కావని స్పష్టంగానే ఉంది. ఆ సంగతి అతనికి విడమరచి చెప్పవలసినవాణ్ణి నేనే. కానీ గెలిచిన ఏడు విరిగిన ఆ కాలు, ఏ సంబంధమూ లేకుండానే, పదే పదే మనసులో మెదిలింది.

లేచి, ముందు సీట్లో ఉన్న అభినవ్ దగ్గరికి వెళ్లాను. లీగుకు ముందు ఇంకో కీపరుకు కూడా కొంత సాధన అవసరమనీ, గడివేములతో ఒక మ్యాచ్ ఏర్పాటు చేస్తే బాగుంటుందనీ సూచించాను. శాస్త్రీయంగా అందులో ఆక్షేపించదగినది ఏమీ లేదు.

గడివేముల జట్టు ఎలా ఆడుతోందని అభినవ్ అడిగాడు.

"ఈ ఏడు చాలా గట్టిగా ఉన్నారట," అన్నాను.

అలాగని నాతో ఎవరూ అనలేదు.