నల్లవాగు పాయింట్ల బోర్డు

నేను ఒక నల్లబోర్డును. అయితే నా మీద ఎవరూ ఏనాడూ పాఠం రాయలేదు. నేను పుట్టిందే ఫుట్‌బాల్ కోసం. బొగ్గుగనుల ఊరు నల్లవాగులో బిట్ల కనకయ్య అనే వడ్రంగి ఆరడుగుల పొడవున మామిడి చెక్కలు కూర్చి, రెండు పూతలు నల్లరంగు వేసి నన్ను తయారుచేశాడు. అక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే గాజుల ఓదెలు సార్ పక్కనే నిలబడి తెల్లరంగుతో గడులు గీయించారు. మా జోన్‌లో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లున్న కాలేజీలు ఆరు. ఆరింటికి ఆరు వరుసలు. ఆడినవి, గెలిచినవి, ఓడినవి, డ్రా అయినవి, వేసిన గోల్స్, పడిన గోల్స్, పాయింట్లు ఒక్కో గడిలో.

నన్ను ఆటసామాన్ల గదిలో పెడతారనుకున్నారు అందరూ. ఓదెలు సార్ మాత్రం గేటులోంచి అడుగుపెట్టగానే కనిపించేలా ముందు వరండాలో వేలాడదీశారు.

మా ఆడపిల్లల జట్టుకు అదే మొదటి ఏడు. అయిదు ఆటలు ఆడి అయిదూ ఓడారు. వేసిన గోల్స్ రెండు, పడినవి ఇరవై ఆరు. పై వరుసలో శివారం కాలేజీ, అట్టడుగున మేము. కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన నన్ను చూడాల్సి వస్తుందని పక్కగేటు నుంచి రావడం మొదలుపెట్టాడు. మనుషులు గెలిచిన కప్పుకు అద్దాల బీరువా చేయిస్తారు, ఓడిన అంకె కనబడితే దారి మార్చుకుంటారు. నేను మాత్రం కదల్లేదు. మేకులు గట్టివి.

ఒక సాయంత్రం తరగతులు అయిపోయాక ఒక అమ్మాయి నా ముందుకు వచ్చింది. పేరు జాడి సుగుణ. మా గోల్‌కీపర్. అటూ ఇటూ చూసి, చున్నీ కొంగుతో ఆ ఇరవై ఆరును తుడిచేసింది. వెనక ఓదెలు సార్ నిలబడి ఉన్నారని ఆమెకు తెలియదు.

“ఎందుకు తుడిచినవ్ బిడ్డా?” అని అడిగారాయన, కోపం లేకుండానే.

“వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తున్నరు సార్. ఆ ఇరవై ఆరు నా చేతుల మీదికెళ్లే పోయినయి.”

“నీ ముందట పది మంది లేరా? నువ్వొక్కదానివే ఆడినవా?” అన్నారాయన. జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టారు. “ఓడింది దాస్తే, రేపు గెలిచినమంటే ఎవలు నమ్ముతరు? నువ్వే రాయి.”

సుగుణ ఇరవై ఆరు అని మునుపటికంటే పెద్దగా రాసింది. రాసి, సారు వైపు తిరిగి అడిగింది.

“మరి నేను ఆపినయి ఏడ రాస్తరు సార్?”

ఓదెలు సార్ మర్నాడే కనకయ్యను పిలిపించి నా కుడి అంచున ఇంకో గడి గీయించారు. ‘ఆపినవి’ అని దానికి పేరు. జోన్‌లో అలాంటి లెక్క ఎక్కడా లేదు. అది చూసి సమ్మక్క అనే ముందువరుస ఆటగత్తె, శివారం వాళ్లకు పచ్చగడ్డి మైదానం ఉందని, ఇద్దరు కోచ్‌లు ఉన్నారని, మనకు బొగ్గుపొడి నేల తప్ప ఏమీ లేదని, అది కూడా ఒక గడిలో రాయమని అడిగింది. సాకులకు గడి లేదని సార్ నవ్వుతూనే కాదన్నారు.

రెండో ఏడు కూడా ఆఖరి స్థానమే. కానీ ఒక ఆట డ్రా అయింది. పడిన గోల్స్ పదిహేనుకు తగ్గాయి. ఆపినవి నలభై ఏడు. ఆ నలభై ఏడును చూడ్డానికి సుగుణ రోజూ రెండు నిమిషాలు ముందుగా కాలేజీకి వచ్చేది.

అదే ఏడు చివర్లో కాలేజీకి తనిఖీ బృందం వస్తుందని కబురొచ్చింది. ప్రిన్సిపాల్ సుభద్రాదేవి మేడం చెడ్డమనిషి కాదు. కాలేజీకి మంచి గ్రేడు రావాలని ఆమె తపన. గోడలకు సున్నం వేయించారు, పూలకుండీలు తెప్పించారు, నన్ను తీయించారు. ఓదెలు సార్ వద్దని రెండుసార్లు చెప్పి చూశారు. ఉద్యోగం కదా, ఆ తర్వాత తలొగ్గారు. నా ముఖాన్ని గోడకు తిప్పి స్టోర్‌రూమ్‌లో ఆనించారు. అవమానం అంటే అట్టడుగున ఉండటం కాదని, ముఖం గోడకు తిప్పించుకోవడమని నాకు ఆ రోజే తెలిసింది.

వరండాలో జరిగిందంతా తర్వాత నా ముందే పదిమంది చెప్పుకోగా విన్నాను. తనిఖీ రోజు పొద్దున్నే పదకొండు మంది అమ్మాయిలు వచ్చి, నేను వేలాడిన చోటే, కొత్త సున్నం మీద బొగ్గుతో పట్టిక మొత్తం రాశారట. ఒక్క అంకె తప్పు లేదు. మేడం చూసేసరికి బృందం గేటు దాటింది. తుడిస్తే గోడంతా నల్లబడుతుంది, వదిలేస్తే పరువు పోతుంది. ఆమె సుగుణను పక్కకు పిలిచి, కాలేజీని ఎందుకిలా బజారున పెట్టావని అడిగారు.

“మేం ఆడినం మేడం,” అన్నది సుగుణ. “ఆడినమనెటందుకు ఆ బోర్డొక్కటే సాక్ష్యం. అది తీస్తే మేం ఆడనే లేదన్నట్టు.”

బృందంలోని పెద్దాయన ఒకరు గోడ ముందు ఆగి, ఈ ‘ఆపినవి’ ఏమిటని అడిగారు. మేడం ఒక్క క్షణం తటపటాయించి, మా గోల్‌కీపర్ చెబుతుందని సుగుణను ముందుకు తెచ్చారు. ఆయన పావుగంట విన్నారు. మర్నాడు నన్ను స్టోర్‌రూమ్ నుంచి మోయించుకొచ్చింది మేడమే. కళ్లు తుడుచుకున్నారని కొందరు అంటారు. నేను చూడలేదు, చూడనిది చెప్పను.

మూడో ఏడు అసలు గండం. వరసగా మూడేళ్లు అట్టడుగున ఉన్న జట్టును జోన్ నుంచి తీసేస్తామని యూనివర్సిటీ ఉత్తర్వు పంపింది. ఆఖరి ఆట మా మైదానంలో, శివారంతో. అప్పటికి మాకూ కొండపేట కాలేజీకీ మూడేసి పాయింట్లు. కొండపేట ఆటలు అయిపోయాయి, గోల్స్ తేడాలో వాళ్లదే పైచేయి. మేము డ్రా అయినా చేసుకోవాలి. మూడేళ్లుగా ఓటమి ఎరగని శివారంతో.

ఓదెలు సార్ నన్ను మైదానం అంచున రెండు కుర్చీల మీద నిలబెట్టారు. అందువల్ల ఇది నేను కళ్లారా చూసిందే. మొదటి సగంలోనే సమ్మక్క గోల్ వేసింది. రెండో సగమంతా శివారం వాళ్లు మా గోల్ ముందే కాపురం పెట్టారు. సుగుణ ఒకటి ఆపింది, రెండు ఆపింది, ఆరు ఆపింది. ఏడోది నిజానికి చిన్నపిల్లలు కూడా పట్టే బంతి. చేతుల్లోకి వచ్చింది, జారింది, కాళ్ల మధ్య నుంచి లోపలికి వెళ్లింది.

ఇంకా పది నిమిషాల ఆట ఉంది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. బంతిని వలలోంచి తీసి, మట్టి దులిపి, మధ్యగీత వైపు బలంగా విసిరింది. ఆ పది నిమిషాల్లో శివారం ఇంకో నాలుగుసార్లు గోల్ మీదికి కొట్టింది. నాలుగూ ఆగాయి. ఆఖరిది ఆమె ముఖానికి తగిలి బయటికి పోయింది. పెదవి చిట్లింది.

ఒకటి, ఒకటి. స్కోరు ఇద్దరిదీ అదే. ఛాంపియన్‌షిప్ గెలిచిన శివారం అమ్మాయిలు మమ్మల్ని ఓడించలేకపోయినందుకు నేల మీద కూలబడి ఏడ్చారు. మా వాళ్లు ఓదెలు సార్‌ను భుజాలకెత్తుకుని గంతులేశారు.

మరుసటి ఏడు వరండాలో మెరిసే టీవీ తెర ఒకటి పెట్టి నన్ను మళ్లీ స్టోర్‌రూమ్‌కు పంపారు. ఆ చివరి పట్టికను ఎవరూ తుడవలేదు. చెదలు పైనుంచి తింటూ వస్తున్నాయి. శివారం వరుస ఎప్పుడో వాటి కడుపులోకి పోయింది. మా వరుస దాకా ఇంకా రాలేదు.

పోయిన నెల స్టోర్‌రూమ్ తలుపు తెరుచుకుంది. సుగుణ. ఇప్పుడామె ఒక గురుకులంలో ఆటల టీచర్. ఆమె జట్టు వాళ్ల జోన్‌లో అట్టడుగున ఉందట. పిల్లలకు చూపించడానికి ఫోన్‌లో నన్ను ఫొటో తీసుకుంది. తాళాలు పట్టుకుని నిలబడ్డ అటెండర్ కుతూహలంగా అడిగాడు.

“మేడం, ఇది కప్పు గెలిచిన ఏడాదిదా?”

“కాదన్నా,” అన్నది సుగుణ. “ఆరింట్ల అయిదో స్థానం వచ్చిన ఏడాదిది.”