మూత తీయొద్దన్న గిన్నె

అడుగంటిన డేగిసాలోకి భుజాల దాకా వంగి యాదలక్ష్మి పీచుతో గీకుతోంది. సాంకేతిక విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్ వెనక, ఎల్బీనగర్ నుంచి విజయవాడ పోయే రోడ్డు మోత వినిపించే చోట, ఏళ్ల తరబడి ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది.

ఆమె తోమి బోర్లించిన గిన్నెల మీద వంటమాస్టర్ సాంబమూర్తి చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి చిలకరిస్తాడు. ఆ తర్వాతే అవి పొయ్యి ఎక్కుతాయి. అలా చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు, మానమనీ చెప్పలేదు. ఆమె కూరగాయలు తరగొచ్చు, బియ్యం ఏరొచ్చు. పొయ్యినీ, వండినదాన్నీ ముట్టకూడదు. నల్లగొండ పక్క ఒక ఊరి మాదిగవాడలో పుట్టిన మనిషికి ఇది కొత్త కాదు. ఊళ్లో ఆమె నిలబడి వెళ్లిన చోట వట్టి నీళ్లు చల్లేవాళ్లు. పట్నంలో పసుపు కలిపారు, అంతే తేడా. వాడలో పెళ్లయితే మాత్రం కూర యాదలక్ష్మి చేతిదే కావాలని పట్టుబట్టేవాళ్లు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు. అయినా ఢిల్లీ నుంచి కమిటీ విమానంలో దిగింది. ఇక్కడ అన్ని కులాల, అన్ని ప్రాంతాల పిల్లలూ పనివాళ్లూ కలిసిమెలిసి ఉంటున్నారో లేదో చూసి పోతుందట. మెస్ గోడకు 'మేమంతా ఒక్కటే' అని బ్యానర్ కట్టారు. వార్డెన్ అరుణజ్యోతి ఇస్త్రీ మడత నలగని తెల్ల ఏప్రన్ తెచ్చి ఇచ్చింది. ఆమెదీ నల్లగొండే.

"యాదమ్మా, సాయంత్రం ముందట కౌంటర్ల నిలబడాలె. నీ ముందట ఒక గిన్నె పెడ్తరు. గంటె పట్టుకొని నవ్వుకుంట నిలబడు, సాలు."

"గిన్నెల ఏముంటది మేడం?"

"ఏముండదు. ఫోటోకే. మూత తియ్యకు. వడ్డించుడు సాంబమూర్తి మనుషులు చూసుకుంటరు."

"వట్టి గిన్నె ముందట ఎట్ల నవ్వుడు మేడం?"

"నవ్వుడు గూడ నేర్పాల్నా ఏంది," అంటూ వార్డెన్ ఫోన్ చెవికి ఆనించుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి సగం హాస్టల్ చౌరస్తాలోనే ఉంది. అక్కడ వంటావార్పు. బళ్లు ఆపేసి, నడిరోడ్డు మీద ఇటుకల పొయ్యిలు పెట్టి, వండి, అందరూ తారు మీదే కూర్చుని తినే నిరసన. గిన్నెలు సర్దేసి యాదలక్ష్మీ పోయింది. సరూర్‌నగర్ ఆటోవాళ్లు బియ్యం బస్తాలు దించుతున్నారు. కర్మన్‌ఘాట్ ఆడవాళ్లు పుంటికూర తెంపుతున్నారు. విశ్వవిద్యాలయం పిల్లల నాయకుడు తిరుపతి ఆమెను గుర్తుపట్టాడు.

"అక్కా, మంచిగొచ్చినవ్. గా డేగిసాలు జర తోముతవా? నీకు అలవాటే గదా."

యాదలక్ష్మి కొంగు దోపుకుని వాటి దాకా నడిచింది. వంగింది. మళ్లీ లేచింది. ముందుగా నడుమే మొండికేసింది, మాట తర్వాత వచ్చింది.

"తిరుపతీ, రేపు రాష్ట్రమొస్తే గండ్ల గూడ నేను తోముడేనా, నాయినా?"

తెంపుతున్న చేతులు ఆగాయి. ఆటో లచ్చయ్య బస్తా మీద కూర్చుని బీడీ నోట్లోంచి తీశాడు.

"చెప్పు తమ్మీ. మైకుల మస్తు చెప్తివి గదా."

తిరుపతి ముఖం ఎర్రబడింది. "తప్పయింది అక్కా" అని గంటె ఆమె చేతికిచ్చి, తనే పీచు తీసుకుని గొంతుక్కూర్చున్నాడు.

"గట్ల నిమురుతవేంది? గట్టిగ రుద్దు," అంది ఆమె.

పుంటికూర పప్పు వండింది. చుక్క అరచేతిలో వేసుకుని ఉప్పు చూసింది. ఎండలో పొగ కళ్లలోకి కొట్టినా అక్కణ్ణుంచి కదల్లేదు. పిల్లలు తిన్నారు, ఆటోవాళ్లు తిన్నారు, కాపలాకొచ్చిన పోలీసులూ పక్కకు తిరిగి తిన్నారు. ఆమె చుట్టూ చూసింది. ఎవరి చేతిలోనూ చెంబు లేదు. మిగిలిన పప్పును బకెట్‌లో పోయించుకుని, నెత్తిన పెట్టుకుని, బళ్లు లేని రోడ్డు నడిమధ్య నడిచి వచ్చింది.

వెనక తలుపులోంచి నేరుగా వంటింట్లోకి వచ్చి ఆమె గ్యాస్ పొయ్యి వెలిగించేసరికి సాంబమూర్తి బిగుసుకుపోయాడు.

"పొయ్యి ముట్టుకున్నావేంటమ్మా?"

"ముట్టిన. మల్ల పసుపు నీళ్లు సల్లుతవా? సల్లు. పప్పుల పసుపు జర తక్కువైంది."

అతను చెంబు కోసం చూశాడు. అప్పటికే హాల్లో కమిటీవాళ్ల బూట్ల చప్పుడు. యాదలక్ష్మి ఏప్రన్ కట్టుకుంది. కాగిన పప్పును ఫోటో గిన్నెలోకి వంచి, మూత పెట్టి, కౌంటర్‌లో నిలబడింది. కెమెరా ఆమె వైపు తిరిగింది. ఆమె మూత తీసింది.

ఆవిరి లేచింది. కమిటీ పక్కన నవ్వుతూ నిలబడ్డ అరుణజ్యోతి నవ్వు అలాగే ఉండిపోయింది. పళ్లేలతో వస్తున్న పిల్లల వరస ఆగిపోయింది. మెస్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఏది ముట్టకూడదో ఆ పిల్లలందరికీ తెలుసు. యాదలక్ష్మి గంటె పైకెత్తింది. ఎవరూ పళ్లెం చాపకపోతే ఈ చెయ్యి ఎలా దించాలో ఆమెకు తెలియలేదు.

"ఆంటీ, గోంగూర పప్పాండీ?" గుంటూరు నుంచి వచ్చి చదువుకుంటున్న మృదుల పళ్లెం ముందుకు పెట్టింది.

"మీకు గోంగూర, మాకు పుంటికూర. ఏదన్నా పుల్లగనే ఉంటది. సక్కగ పట్టు బిడ్డా."

"ఇంకొంచెం వెయ్యండి. అంత పిసినారితనమా?"

వెనక నుంచి నలుగురైదుగురు పక్క కౌంటర్‌కు జరిగారు. మిగతా వరస కదిలింది. కమిటీ పెద్దాయన కూడా పెట్టించుకున్నాడు, మళ్లీ వచ్చి పెట్టించుకున్నాడు. గిన్నె అడుగు తేలింది.

కార్లు వెళ్లిపోయాక అరుణజ్యోతి వంటింట్లోకి వచ్చింది.

"ఏం పనే ఇది? సాంబమూర్తి మనుషులు రేపు వంట బంద్ పెడ్తమంటున్నరు. రేపటి నుంచి ఎప్పటి తీరుగ వెనుకకు పో."

"వెనుకకు పోను మేడం."

"అయితే రాకు."

కిరాయి గది, మామకు దవాఖాన మందులు యాదలక్ష్మి కళ్ల ముందు తిరిగాయి. తిరగనిచ్చింది.

"సరే. వండే పనే చూసుకుంట. మీదీ నల్లగొండనే గదా మేడం, గిన్నెల జరంత మిగిలింది, తినుండ్రి."

ఏప్రన్ విప్పి కౌంటర్ మీద పెట్టింది. తింటున్న పిల్లల బల్లల మధ్య నుంచి, ఆ హాల్లో మొదటిసారి, ముందు తలుపు దాకా తాపీగా నడిచింది. మృదుల ఎంగిలి చేత్తోనే లేచి నిలబడింది. యాదలక్ష్మి ఆమె భుజం తట్టి మెట్లు దిగి, వట్టి కాళ్లతో రోడ్డెక్కింది.

వెనక తలుపు దగ్గర, బకెట్ దించేముందు ఆమె విడిచిన రబ్బరు చెప్పులు, అడుగున చౌరస్తా తారు అంటుకుని, ముక్కులు వంటింటి వైపే పెట్టుకుని ఉన్నాయి.