హ్యాండ్‌బ్రేకు దించేవా?

నేను ఒక ఎర్ర దీపాన్ని. దీపమనగానే చెప్పులు విప్పి దణ్ణాలు పెట్టకండి, గుళ్ళో ఉండేదాన్ని కాను. ఓ పాత వ్యానులో, స్టీరింగు వెనకాల, స్పీడు ముల్లు పక్కన మినపగింజంత ఉంటాను. పుట్టింది ఏ ఫ్యాక్టరీలోనో గుర్తు లేదు. ఎవరో ఒకమ్మాయి నన్ను వెలిగించి చూసి, ఆర్పి, పెట్టెలో పడేసింది. నా బారసాల అంతే.

నన్ను చేసినవాళ్ళు నాకు రెండు తీగలు తగిలించారు. ఒకటి హ్యాండ్‌బ్రేకు లివరు కిందనుంచి వస్తుంది. లివరు లేస్తే నేను వెలగాలి. రెండోది బ్రేకు ఆయిలు డబ్బాలోంచి వస్తుంది. ఆయిలు తగ్గి అందులో తేలే బెండు కిందికి దిగితే అప్పుడూ నేనే వెలగాలి. “లివరు దించడం మర్చిపోయావు” అని చెప్పడానికీ, “చచ్చిపోతావురా నాయనా” అని చెప్పడానికీ నాకున్నది ఒకటే మొహం. ఇంత పెద్ద బండి చేసిన మహానుభావులు ఇంకొక్క దీపం దగ్గర పిసినారితనానికి పోయారు. ఆ పాపం నా మెడకి చుట్టుకుంది.

మొదట నన్ను ఏలినవాడు అనకాపల్లిలో పూలకొట్టు సత్యారావు. లివరు సగం లేచి ఉండగానే బండి తోలేవాడు. నేను మొత్తుకునేదాన్ని. వెనక చక్రాలు కాలి కమురు వాసన వస్తుంటే, బంతిపూలు కుళ్ళినవి ఎక్కించారని కూలీలని తిట్టేవాడు. మనుషులకి కళ్ళెదుట ఉన్నది కనపడదు గానీ, లేనిది మాత్రం ఎంత దూరంలో ఉన్నా కనపడుతుంది. ఈ మాట ఎంత నిజమో తర్వాత మీకే తెలుస్తుంది.

అతని దగ్గర నుంచి నర్సీపట్నం పైడిరాజు కొన్నాడు. అతనూ, భార్య నూకరత్నమూ గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు వ్యానులో వేసుకుని, ఘాటు రోడ్డు ఎక్కి మన్యం సంతల్లో అమ్మేవారు. పైడిరాజు బంగారంలాంటి మనిషి. నన్ను చూసి పట్టించుకున్న మొదటివాడు. రత్నానికి డ్రైవింగు నేర్పింది కూడా అతనే. ఆమె బండి కదిలించబోయే ప్రతిసారీ అదే పాట: “ఒలే రత్నం, హ్యాండ్‌బ్రేకు దించేవా?”

“దించేను మావా! బండి దిగుతాది గానీ నీ నస దిగదు.”

ఇద్దరూ నవ్వుకునేవారు. నాకూ హాయిగా ఉండేది.

కిందటి మాఘంలో ఒక పొద్దున్న పొగమంచులో ఘాటు ఎక్కుతున్నాం. బండి పైడిరాజే తోలుతున్నాడు. ఉసిరిచెట్టు మలుపు దగ్గర ఏదో చెబుతూ చెబుతూ మాట ఆపేశాడు. బండిని కొండ వారకి తీసి, లివరు గట్టిగా పైకి లాగాడు. నేను వెలిగాను. అతని మొహం మీద పడ్డ ఆఖరి వెలుతురు నాదే. రత్నం అతని భుజం పట్టి కుదుపుతూ పిలుస్తోంది. అతని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నా వైపే చూస్తున్నాయి. వెనక బండివాళ్ళు వచ్చి అతన్ని కిందికి దించేదాకా అలాగే చూస్తూ ఉన్నాయి. గుండె ఆగిపోతూ కూడా పెళ్ళాన్ని లోయలోకి పోనివ్వని మనిషి. ఆ చూపు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కర్మలయ్యాక రత్నం తనే స్టీరింగు పట్టింది. తోడుగా పైడిరాజు చెల్లెలు వరాలు పక్కన కూర్చునేది. అలా వెళ్ళిన మొదటి సంతకే, సరిగ్గా ఉసిరిచెట్టు మలుపు దగ్గర, లివరు కిందికి ఉండగానే నేను వెలిగాను.

రత్నం గబుక్కున పక్కకి తీసింది. బండి ఆపి, లివరు తడిమి చూసింది. అది దిగే ఉంది.

“వరాలూ, సూసేవా? మీ అన్నే. ఇక్కడే ఉన్నాడు.”

“ఓలమ్మో!” అని వరాలు కళ్ళు మూసుకుంది. మర్నాడే లివరుకి నిమ్మకాయ కట్టింది.

జరిగింది నాకు తెలుసు. వెనక చక్రం దగ్గర గొట్టం చివికి ఆయిలు చెమ్మగా కారుతోంది. ఆ మలుపులో రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటుంది. బండి వాలితే డబ్బాలో ఆయిలూ వాలి బెండు కిందికి కూర్చుంటుంది. బెండు కూర్చుంటే వెలగడం నా ఉద్యోగం. కానీ చెప్పడానికి నాకు నోరేదీ?

రత్నం నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏ సంతలో ఏ గాజులు అమ్ముడుపోయాయో, ఇంటి కప్పు ఎక్కడ కురుస్తోందో అన్నీ నాకే చెప్పేది. ఆయిలు తగ్గినకొద్దీ నేను మలుపు దాటాక కూడా ఆరేదాన్ని కాదు. తర్వాత ఘాటు కిందిదాకా, ఆపైన ఊరి పొలిమేరదాకా వెలిగేదాన్ని. ఆమె మొహం విప్పారేది. “ఇయ్యాల ఊరి పొలిమేరదాకా వచ్చేడే వరాలూ. ఇంకో రెండు సంతలయితే ఇంటికే వచ్చేత్తాడు.” ఆ మాట విన్నప్పుడల్లా నాలో తీగ వణికిపోయేది. పిచ్చితల్లీ, నేను నీ మొగుణ్ణి కాను! వస్తున్నది అతను కాదు, నిన్ను తీసుకుపోయేది! ఇలా ఎంత అరిచినా నేను చేయగలిగింది ఇంకా ఎర్రగా వెలగడమే. అది చూసి ఆమె ఇంకా సంతోషపడేది. చెబితే నవ్వుతారు గానీ, పైడిరాజు ఆఖరి చూపు గుర్తొచ్చినప్పుడు నాకే అనుమానం కలిగేది, నన్ను వెలిగిస్తున్నది ఆయిలేనా అని.

వరాలు పోరు పడలేక రత్నం ఒకరోజు బండిని మెకానిక్ జిలానీ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను నిమ్మకాయ విప్పి పక్కన పెట్టి, లివరు ఎత్తి దించి చూశాడు. దాని కింద స్విచ్చి తుడిచి బిగించాడు. నేను ఆరలేదు. స్విచ్చి తీగ పీకేశాడు. అప్పటికీ ఆరలేదు.

“అక్కా, ఇది హ్యాండ్‌బ్రేకు గోల కాదు. ఆయిలు ఎక్కడో కారిపోతోంది. బండి ఉంచెయ్యి, గొట్టం మార్చి ఇచ్చేస్తాను. ఈ లైటు మళ్ళీ నీ జోలికి రాదు.”

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. రత్నం కదలకుండా నిలబడింది.

“మళ్ళీ రాదా?”

“ఎందుకొస్తుందక్కా?”

ఆమె నా వైపు చూసింది. చెయ్యి చాపి తాళం తీసుకుంది. “రేపు సంతుంది బాబూ. అయ్యాక తెత్తాను.” ఆ తీగ తగిలించి, కాస్త ఆయిలైనా పోస్తానుండమని జిలానీ బతిమాలాడు. తీగ తగిలించనిచ్చింది, ఆయిలు పొయ్యనివ్వలేదు. “ఘాటులో రెండో గేరు దాటకక్కా!” అని అతను వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు సంత ముగించుకుని దిగుతున్నాం. నేను ఎర్రగా మండిపోతున్నాను. రత్నం నాతో కబుర్లు చెబుతోంది. వరాలు ఒక్కసారిగా ఏడుపు అందుకుంది.

“ఒదినా, మా అన్నకి నెమ్మది నేకుండా సేస్తన్నావు. రోజూ నువ్విలా పిలస్తంటే ఆడు ఎలాగెల్తాడు? ఆడు నీకు మొగుడే, నాకు అన్న కాడా?”

అట్టమీంచి పెద్ద బొట్టుబిళ్ళ ఒకటి పీకి నా మొహం మీద అతికించేసింది. “అన్నా, నీకు దణ్ణవెడతాను, ఇంక ఎల్లిపో.”

నాకు లోకమంతా చీకటైపోయింది. ఇక మీకు చెప్పేది విన్నదే గానీ కన్నది కాదు.

“ఏటే నువ్వు సేసిన పని!” అంది రత్నం. ఆమె గోరు నా మీద గీకుతోంది. బండి వేగం పెరిగింది. బ్రేకు పెడలు ఫట్‌మని నేలకి తగిలిన చప్పుడు. మళ్ళీ ఇంకోసారి.

“వరాలూ, బ్రేకు పడట్నేదే!”

గోరు ఇంకా నా మీదే ఉంది. అంతలో కర్ర్‌మని లివరు లేచిన చప్పుడయింది. వెనక చక్రాలు ఈడ్చుకుపోయి, బండి కొండ రాయిని గుద్దుకుని ఆగింది. వెనకాల గాజుల పెట్టెలు బద్దలయ్యాయి. 

బొట్టుబిళ్ళ ఊడింది. ఎదురుగా రత్నం మొహం, నా అంత ఎర్రగా ఉంది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. లివరు నిటారుగా లేచి ఉంది.

“నువ్వు లాగేవా?” అంది రత్నం.

“నానా? నాను కళ్ళు మూసీసుకున్నాను ఒదినా. నువ్వే లాగుంటావు.”

“నా సెయ్యొకటి స్టీరింగు మీదుంది. రెండోది దీని మీదే ఉంది కదే.”

ఇద్దరూ నా వైపు తిరిగారు, సాక్ష్యం చెప్పమన్నట్టు. నేనేం చెప్పను? భయంలో మనిషి చెయ్యి మనిషికి తెలియకుండానే పని చేస్తుంది. అదే అయ్యుంటుంది. అప్పటికే నేను వెలుగుతున్నాను, లివరు లేచిన సంగతి వేరుగా చెప్పడానికి నాకు రెండో మొహం లేదు. పైగా కళ్ళకి బొట్టుబిళ్ళ. తెలియదు. నాకు నిజంగా తెలియదు.

జిలానీ తిట్టుకుంటూనే గొట్టం మార్చాడు, ఆయిలు నిండా పోశాడు. “చూడక్కా, లైటు పోయింది” అన్నాడు. రత్నం తల ఊపింది. 

తర్వాతి సంతకి మళ్ళీ పొగమంచు. ఉసిరిచెట్టు మలుపు వచ్చింది. రత్నం కళ్ళు రోడ్డు మీదకన్నా నా మీదే ఎక్కువగా ఉన్నాయి. నేను వెలగలేదు. నా బతుకులో మొదటిసారి, అబద్ధమైనా సరే ఒక్కసారి వెలిగితే బాగుండుననిపించింది. మలుపు అయిపోయింది. ఆమె బండిని కొండ వారకి తీసి ఆపింది. లివరు మీద చెయ్యి వేసి, తనే మెల్లగా పైకి లాగింది.

నేను వెలిగాను. ఆమె నన్ను చూస్తూ కూర్చుంది. అతను కూర్చున్న సీటే అది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నేనూ ఆమెనే చూస్తూ, చేతనైనంత నిండుగా వెలిగాను. సంతకి పొద్దెక్కిపోతోంది. వరాలు ఒకసారి గొంతు సవరించుకుంది. అన్నాచెల్లెళ్ళ గొంతులు ఇంత ఒకలా ఉంటాయని నేను అప్పటిదాకా గమనించలేదు.

“ఒదినా, హ్యాండ్‌బ్రేకు దించేవా?”

రత్నం ఉలిక్కిపడి ఆమె వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“దించేను మావా” అంది.

లివరు కిందికి దిగింది. నేను ఆరిపోయాను. బండి సంతకి కదిలింది.