కాలవగట్టు దోసెల పిండి

నేను ఒక గ్రైండర్ని. మిక్సీని కాదు, ముందే చెబుతున్నాను. మా ఇద్దర్నీ ఒకే గాటన కట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. దానివి బ్లేడ్లు, తరిగి పారేస్తుంది. నావి రాళ్లు, ఓపిగ్గా రుబ్బుతాను. కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో పుట్టి, లారీ ఎక్కి బెజవాడ చేరి, గృహప్రవేశం బహుమతిగా వసుంధర గారి వంటింట్లో అడుగుపెట్టాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎంత మర్యాద చేశారనుకున్నారు!

ఆ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచే మనిషి సువార్త. అపార్టుమెంటు వెనక కాలవగట్టు మీద వాళ్ల పేట. ఆ పేట ఆడవాళ్లంతా ఈ అపార్టుమెంట్లలో పనిచేసేవాళ్లే. అయితే ఒక వింత గమనించాను. చీపురు, తడిగుడ్డ, బాత్రూం బ్రష్షు, ఇవన్నీ వాళ్ల చేతికే వస్తాయి. గరిటె మాత్రం రాదు. వంటపనికి జీతం ఎక్కువ, నడుంనొప్పి తక్కువ. ఆ పనికి మాత్రం కులం కనుక్కుని మరీ ఎక్కడినుంచో మనిషిని తెచ్చుకుంటారు. సువార్త నా రాళ్లు కడిగిందంటే సందుల్లో నలుసు మిగిలేది కాదు. ఆమె కడిగి బోర్లించాక వసుంధర గారు వచ్చి, చెంబుతో నీళ్లు చిలకరించి, అప్పుడు నన్ను లోపలికి తీసుకెళ్లేవారు. ఆ నాలుగు చుక్కలూ ఏ మురికిని వదిలించేవో నా రాతిబుర్రకి అందేది కాదు.

ఒకసారి వంటమనిషి మానేసింది. సువార్త కొంగు దోపుకుని, ధైర్యం చేసి అడిగేసింది.

"అమ్మగారూ, వంటకి నన్ను పెట్టుకోండి. ఒక్క వారం చూడండి, నచ్చకపోతే వద్దనండి."

"నీ చేతి వంటకేం తల్లీ, బంగారం. నాకలాంటి పట్టింపుల్లేవు. మా అత్తగారే ఒప్పుకోరు."

ఆ అత్తగారు హాల్లో గోడమీద దండ వేసుకుని ఉన్నారు. పోయి చాలాకాలమైంది. ఫొటోలోంచి ఆవిడ అంత గట్టిగా ఎలా కాదంటున్నారో, నేనెంత చెవులు రిక్కించినా వినబడలేదు. సువార్త "సరేనండి" అని తడిగుడ్డ అందుకుంది. ఆ రోజు నా రాళ్లని అరిగిపోతాయేమో అన్నంత గట్టిగా తోమింది. కోపమది, ఏడుపు కాదు. నాకూ కోపం వచ్చింది.

తర్వాత నా బెల్టు తెగింది. కొత్త గ్రైండర్ వచ్చింది. "పాతది నువ్వు తీసుకుపో సువార్తా, పాత సామానువాడికి వేసుకో" అన్నారు వసుంధర గారు. సువార్త నన్ను ఇంటికి మోసుకెళ్లింది. ఆమె మొగుడు ఏలియా ఆటో నడుపుతాడు. నన్ను చూసి "ఏందే ఇది, ఇంత బండరాయి మోసుకొచ్చావు?" అని నవ్వాడు గానీ, బెల్టు తెచ్చి వేసింది అతనే.

పేటలో వాళ్లకి పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టింది సువార్త. రుచి తెలిసి, మలుపులో కిరాణా కొట్టు శేషగిరి వచ్చాడు.

"పిండి బ్రహ్మాండంగా ఉందమ్మా. ప్యాకెట్లు నా కొట్లో పెడతా. కాకపోతే పేరు 'అగ్రహారం దోసెల పిండి' అని వేస్తా. సువార్త అంటే మీరెవరో తెలిసిపోద్ది, అపార్టుమెంటోళ్లు ముట్టుకోరు. నీకు తెలీందేముంది?"

తెలుసు కాబట్టే ఒప్పుకుంది. ప్యాకెట్లు వేడివేడి పునుగుల్లా అమ్ముడుపోయాయి.

ఒక సాయంత్రం సువార్త పని నుంచి వచ్చి, పప్పు కడుగుతూ ఏలియాతో చెప్పింది. "ఇయ్యాల అమ్మగారు నాకే దోసె పెట్టి, 'చూడవే, అగ్రహారం పిండి! ఎంతైనా మడిగా రుబ్బే చేతులు వేరు' అన్నారు. ఆ చేతులు ఇవేనండి, మీరిచ్చిన గ్రైండర్లోనే రుబ్బానండి అని చెప్పేశా."

"చెప్పేశావా! నోరు మూసుకుంటే ఏం పోయేది? పిండి అమ్ముడుపోతందిగా!"

"పిండి అమ్ముడుపోతంది. నేను దాక్కుంటన్నా. నేనేమన్నా దొంగసొత్తు అమ్ముతున్నానా?"

శభాష్ అనబోయాను గానీ నాకు నోరెక్కడిది. ఆ మాట అపార్టుమెంటంతా పాకింది. మర్నాడే శేషగిరి ప్యాకెట్లన్నీ తెచ్చి గుమ్మంలో పడేసి, "నా కొట్టు పరువు తీశావు" అని వెళ్లిపోయాడు. వసుంధర గారు పనిలోంచి తీసేశారు. ఈసారి పాపం అత్తగారి మాట కూడా ఎత్తలేదట. పనీ పోయింది, బేరమూ పోయింది. పిండి మాత్రం ఇవేమీ పట్టనట్టు పొంగి, ప్యాకెట్లు ఉబ్బిపోతున్నాయి. సువార్త తల పట్టుకుని కూర్చుంది.

పులిసిన పిండిని ఏం చెయ్యాలో బెజవాడవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపటికి లేచి, ఉల్లిపాయలు తరిగి, జీలకర్ర కలిపి, గుమ్మం ముందు రోడ్డువార పొయ్యి పెట్టింది. ఏలియా అట్టమీద రంగుతో 'పునుగులు' అని రాసి ఆగాడు.

"ముందు నా పేరు రాయి. కింద కాలవగట్టు అని కూడా రాయి" అంది సువార్త.

మొదట ఆటోవాళ్లు తిన్నారు. తర్వాత బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు. నేను గడప పక్కనే ఉంటాను కాబట్టి అన్నీ చూశాను. ఒకాయన పొద్దున్నే నడక పేరుతో వచ్చి, అటూ ఇటూ చూసి, రెండో ప్లేటు కూడా లాగించి, చట్నీ మళ్లీ వేయించుకున్నాడు. ఎవరనుకున్నారు? వసుంధర గారి భర్త! ఆ ఫొటోలో ఉన్నావిడ కన్నకొడుకు!

అలాగని లోకం మారిపోలేదు. వసుంధర గారు ఇప్పటికీ ఈ రోడ్డు తొక్కరు. కానీ శేషగిరి తిరిగొచ్చాడు. "కాలవగట్టు పిండి లేదా అని అడుగుతున్నారమ్మా. నీ పేరుతోనే ఇయ్యి" అన్నాడు. ఇచ్చింది. ఆ ప్యాకెట్ మీద ఆమె పేరు చూసిన రోజు గర్వంతో నా డ్రమ్ము కాస్త వేగంగా తిరిగిందని నా నమ్మకం.

ఇప్పుడు సువార్తకి పెద్ద గ్రైండర్ వచ్చింది. నా రాళ్లు నున్నబడ్డాయి, ఇక పాత సామానువాడి బండే నా గతి అనుకున్నాను. సువార్త నా రాళ్లకి మళ్లీ గరుకెక్కేలా గంట్లు పెట్టించి, ఎస్తేరును పిలిచింది. ఎస్తేరు అదే అపార్టుమెంట్లో ఇప్పటికీ మెట్లు తుడుస్తుంది.

"ఇది తీసుకెళ్లవే. పప్పు మరీ ఎక్కువ నానబెట్టకు."

"నా దగ్గర ఎవరు కొంటారక్కా? నీ పేరు పెట్టుకోనా? అదైతే అందరికీ తెలుసు."

"నా పేరెందుకు? ఎస్తేరు అని రాయించు. అక్షరాలు నా బోర్డు కంటే పెద్దగా ఉండాలి."

ఎస్తేరు నన్ను చంకనెత్తుకుంది. దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ, అడిగినా అడక్కపోయినా, "నేను పిండి అమ్మబోతున్నా" అని చెప్పుకుంటూ నడిచింది.