ఎత్తని కాలు

మేస్త్రి ఇంజను మీదికి వంగి బోల్టులు బిగిస్తున్నాడు. ఈ మూల బోల్టు కొంచెం, ఎదురుమూలది కొంచెం, మళ్ళీ మొదటిది. వేళ్ళ గీతల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. గుడారం బయట ఎవరి కారో గర్జిస్తే తల ఎత్తకుండానే మొహం చిట్లించాడు. చెవులు ఎప్పుడో సగం పోయాయి, చిరాకు మాత్రం పూర్తిగా మిగిలింది.

చిరాకు పడక ఏం చేస్తాడు? తిన్నని దారి మీద రెండు కార్లు పోటీపడే ఈ రేసులకే జీవితం ధారపోశాడు. చూడబోతే ఆట పట్టుమని పది సెకన్లు ఉండదు. దానికోసం ప్రతి పరుగు తర్వాతా ఇంజను ఊడదీయాలి, కడగాలి, మళ్ళీ కట్టాలి. ఇంత చేసినా ఒక్క ఫైనలూ గెలవలేదు. కారణం ఎవరినడిగినా చెబుతారు, కారు తోలే బావమరిది. సరిగ్గా ఎదుటివాణ్ణి మించబోయే వేళకు వాడి కాలు యాక్సిలరేటర్ మీంచి దానంతటదే లేచిపోతుంది. మైదానంలో వాడికి 'మర్యాదస్తుడు' అని పేరు. ముందు మీరు వెళ్ళండి అంటాడట.

"కాలు ఎత్తకురా" అని మేస్త్రి నోరు నొప్పి పుట్టేలా చెప్పాడు. బతిమాలాడు, తిట్టాడు, భార్య చేత చెప్పించాడు. "సరే బావా" అనడం, ఎత్తడం. చివరికి విసిగి మరో దారి పట్టాడు. వాడు ఎలాగూ ఎత్తుతాడు. మరి ఇంజను ముగింపు గీతదాకా బతకాల్సిన అవసరమేముంది? పరుగు పరుగుకీ ఇంజనులో గాలితో కలిసే ఇంధనం పాలు కాస్త కాస్త తగ్గిస్తూ వచ్చాడు. తగ్గించేకొద్దీ ఇంజను కాలిపోయేంత వేడెక్కుతుంది, కానీ చెలరేగిపోతుంది. వాడు కాలు తీసే చోటుదాకా తట్టుకుంటే చాలు, మిగతా దూరం ఊపు మీదే పోతుంది. ఈ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే మరీ భయపడి చస్తాడని. తిట్టడం మాత్రం అలవాటు కొద్దీ మానలేదు.

ఆ ఉపాయంతోనే ఇవాళ ఫైనలుకు వచ్చారు. కారు యజమాని గుడారంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రిగారూ, ఇది కూడా పోతే ఇంక నావల్ల కాదండీ. వచ్చే ఏడు నుంచి ఇంజన్లు తయారైనవే తెప్పిస్తాను. మీరేమీ అనుకోకండి."

"అనుకోవడానికేముందండీ" అన్నాడు మేస్త్రి, మింగలేక కక్కలేక. తెర అవతల బూట్లు తొడుక్కుంటున్న బావమరిది చేతులు ఆగిపోయిన సంగతి మేస్త్రికి తెలియదు.

మధ్యాహ్నం ఎండలో మేస్త్రి ఎప్పటిలాగే కారు వెనక నిలబడ్డాడు. పచ్చదీపం వెలిగింది. కారు దూసుకుపోయింది. ఇంజను ఇంత బాగా పలకడం ఆయన ఎన్నడూ వినలేదు. ఎదుటి కారు వెనకబడింది. ఇక్కడ ఎత్తాలి. ఎత్తలేదు. మోత తగ్గలేదు. మేస్త్రి నాలుగడుగులు ముందుకు పరిగెత్తాడు.

"ఎత్తరా! ఒరేయ్, కాలు ఎత్తరా!"

గీత ముందు పెద్ద చప్పుడు, తెల్లటి పొగ. పొగ పక్కనుంచి ఎదుటి కారు తాపీగా దాటిపోయింది.

ఈడ్చుకొచ్చిన కారులోంచి మేస్త్రి ఇంజను విప్పుతుంటే బావమరిది హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఓడిపోయినా కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎత్తలేదు బావా! ఒట్టు, చివరిదాకా తొక్కే ఉంచాను. యజమాని నీతో అన్న మాటలు విన్నాను. నా పిరికితనం వల్ల నీ పని పోతే అక్క మొహం ఎలా చూడను? కానీ పాడు ఇంజను..."

మేస్త్రికి ఎవరి మీదైనా విరుచుకుపడాలనిపించింది. ఇన్నేళ్ళూ అందుబాటులో ఉన్న మనిషి ఎదురుగానే ఉన్నాడు, ఇవాళ తిట్టు నోటికి రాలేదు.

"ఇంజనుది కాదురా తప్పు, నాది. నువ్వు ఎత్తుతావనే కట్టాను."

"అంటే?"

"అంటే, నిన్ను నమ్మలేదు."

బావమరిది కళ్ళలో మెరుపు ఆరిపోయింది. హెల్మెట్ కింద పెట్టి అన్నాడు, "మరి ఎత్తొద్దని రోజూ ఎందుకు తిట్టావు బావా?"

మేస్త్రి పానా కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు, నలుపు పోలేదు. చొక్కా మార్చుకుని, యజమానికి చెప్పకుండానే, పార్కింగు వైపు నడిచాడు.

బల్ల మీద, పాత గుడ్డలో, ఇందాక బయటికి తీసిన పిస్టన్ ఉండిపోయింది, నడినెత్తిన వేడికి కరిగి పడిన, బొటనవేలు దూరేంత కన్నంతో, ఇంకా వెచ్చగా.